చర్మానికి చెల్లని కార్డు

2024 ఎండాకాలంలో ఒక సాయంత్రం మా అమ్మ పని నుంచి వస్తూ కొత్త స్టీలు గ్లాసు ఒకటి కొని తెచ్చింది. ఇంట్లో గ్లాసులకు కొదవ లేదు. ఎందుకు కొన్నావని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. అన్నం తిన్న తరువాత చెప్పింది. కర్మాగారం క్యాంటీన్‌లో టీ తాగాలంటే ఇకమీదట గ్లాసు ఇంటి నుంచి తెచ్చుకోవాలట. ‘అందరికా?’ అని అడిగాను. ‘నాకు’ అన్నది.

మా తాతకు ఊరి హోటల్లో చూరుకు దోపిన గ్లాసు ఒకటి ఉండేదని ఆమె చిన్నప్పటి నుంచి విన్నది. ఆయన టీ తాగి, తనే కడిగి, మళ్ళీ అక్కడే పెట్టి రావాలి. ఆ హోటలు ఇప్పుడు లేదు. ఆ చూరూ లేదు. క్యాంటీన్‌లో ఎవరూ కులం పేరెత్తలేదని అమ్మే చెప్పింది. ‘నీ చేతులకు ఏదో అయింది, మిగతావాళ్ళకు అంటుకుంటే ఎట్ల?’ అన్నారట. మనిషిని వేరుగా పెట్టడానికి ఈసారి దొరికిన కారణం ఆమె చేతుల మీది చర్మం.

ఆ చర్మాన్ని చూసే వైద్యుని కోసం మేము ఆరు నెలలు తిరిగాము. ఆమె దగ్గర ప్రభుత్వం ఇచ్చిన బీమా కార్డు ఒకటి, జీతంలో కోతతో వచ్చిన బీమా కార్డు మరొకటి ఉన్నాయి. రెండు కార్డులున్న మనిషికి ఒక చర్మ వైద్యుడు ఎందుకు దొరకలేదన్నది ఈ వ్యాసం అడిగే ప్రశ్న. చూడడానికి ఇది ఆరోగ్య శాఖ ప్రశ్న. తిరిగిన కొద్దీ ఇది కులం ప్రశ్న అని నాకు అర్థమైంది.

మాది కొత్తూరు. హైదరాబాద్ నుంచి బెంగళూరుకు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద శంషాబాద్ దాటాక, షాద్‌నగర్‌కు ముందు వస్తుంది. 2016 అక్టోబరులో జిల్లాలను విడదీసే దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలో ఉన్నది. రహదారికి అటూ ఇటూ కర్మాగారాలు, గోదాములు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకున్న తరువాత ఈ చుట్టుపక్కల ఎకరం ధర ఎక్కడికి పోయిందో అందరికీ తెలిసిందే. భూమి ఉన్నవాళ్ళు అమ్ముకున్నారు. భూమి లేనివాళ్ళు వచ్చిన కట్టడాలను ఊడ్చే పనిలో చేరారు. మా మాదిగవాడ ఆడవాళ్ళకు దొరికిన ఆ పనికి హౌస్‌కీపింగ్ అని పేరు. గచ్చు తుడవడం, గాజులు తుడవడం, మరుగుదొడ్లు కడగడం ఆ పేరుకు అర్థం. ఆ పనికి మనుషులు కావాలన్న ప్రకటనలో కులం ఉండదు. చేరినవాళ్ళను ఒక వరుసలో నిలబెట్టి చూస్తే, అడగవలసిన అవసరం లేకనే ఉండదని తెలుస్తుంది.

అమ్మ చేతుల జబ్బు వేళ్ళ సందుల్లో దురదతో మొదలైంది. తరువాత చిన్న చిన్న నీటి పొక్కులు, ఆ తరువాత పగుళ్ళు, పగుళ్ళలో నెత్తురు. పచ్చడి మెతుకులు కలుపుకోలేక చెంచాతో తినేది. ఒక్క సంగతి మాత్రం ఆమె మొదటి నుంచి చెబుతూనే ఉన్నది. పండుగకో పెళ్ళికో నాలుగు రోజులు పనికి పోకపోతే తగ్గుతుంది, మళ్ళీ పోగానే తిరగబెడుతుంది. జబ్బు గుట్టంతా ఆ ఒక్క మాటలోనే ఉన్నది. ఆరు నెలల పాటు ఆ మాటను వినే మనిషి మాకు దొరకలేదు.

మొదటి కార్డు ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్ 1న ఆ పథకం మొదలైనప్పుడు తొలి విడతలో మూడే జిల్లాలు ఉన్నాయి: మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. అంటే అప్పటికి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న మా కొత్తూరు ఆ పథకం తొక్కిన తొలి గడపల్లో ఒకటి. గుండె ఆపరేషన్ చేయించుకుని ఈనాటికీ నడుస్తున్నవారు మా వాడలోనే ఉన్నారు. ఆ మేలును నేను తక్కువ చేయను. 2023 డిసెంబరు 9న తెలంగాణ ప్రభుత్వం ఈ పథకం పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచింది. అదే రోజున ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం మొదలైంది. కనుక అమ్మ సున్నా టికెట్ మీద, పది లక్షల కార్డు పట్టుకుని, ఆ కార్డు చెల్లే ఒక ప్రైవేటు ఆసుపత్రికి నాతో వచ్చింది.

అక్కడ బల్ల దగ్గర కూర్చున్న ఆరోగ్యమిత్ర మర్యాదగానే మాట్లాడాడు. ‘అమ్మా, దవాఖానల చేర్చుకుంటేనే ఈ కార్డు నడుస్తది. ఊరికె చూపెట్టుకుంటే నడవది’ అన్నాడు. చూపించుకోవాలంటే రుసుము 600 రూపాయలు. మందులు వేరు. అతని తప్పేమీ లేదు, పథకం ఉన్న తీరే అది. చికిత్సలను ప్యాకేజీలుగా విడగొట్టి, ఆపరేషన్లకూ పడక మీద చేసే వైద్యానికీ డబ్బు చెల్లించే పద్ధతి ఆరోగ్యశ్రీది. కేంద్రం 2018 సెప్టెంబరులో మొదలుపెట్టిన ఆయుష్మాన్ భారత్‌ది కూడా ఆ దారే. ఒళ్ళంతా పుండ్లు పడి ప్రాణం మీదికి వచ్చే కొన్ని చర్మవ్యాధులకు పడక దొరుకుతుంది. తామరకు, ఎగ్జిమాకు, సోరియాసిస్‌కు, బొల్లికి పడక అక్కరలేదు. అవి మనిషిని చంపవు. నలుగురిలో కూర్చోనివ్వవు, పెళ్ళి కుదరనివ్వవు, పనిలో నిలవనివ్వవు. ప్రాణం తీయకుండా పరువు తీసే జబ్బుకు ప్యాకేజీ లేదు. పది లక్షల హామీ ఉన్న కార్డు ఆరు వందల దగ్గర ఆగిపోయింది.

చర్మ వైద్యులే లేరా అంటే ఉన్నారు. శంషాబాద్ నుంచి నగరం లోపలికి పోతున్న కొద్దీ ప్రతి చౌరస్తాలో ఒక బోర్డు కనిపిస్తుంది. లేజర్, వెంట్రుకల మార్పిడి, మొటిమల మచ్చల తొలగింపు, మెరిసే మేనిఛాయ. 1975లో మన దేశపు అంగట్లోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో తన పేరులోంచి ‘ఫెయిర్’ను తీసేసి గ్లో అండ్ లవ్లీ అయింది. తెల్లబడాలన్న కోరికను ఎవరూ తీసేయలేదు. ఆ కోరిక చుట్టూ ఒక వైద్య వ్యాపారం పెరిగింది. అటువంటి నాలుగైదు చోట్లకు నేను ఫోను చేసి కార్డు తీసుకుంటారా అని అడిగాను. ఒకచోట నవ్వారు, మిగతాచోట్ల తీసుకోమన్నారు. వైద్యులను తిట్టి ప్రయోజనం లేదు. పేదవాని చర్మాన్ని చూసినందుకు ఏ బీమా డబ్బు ఇవ్వదు, ఉన్నవాని చర్మాన్ని తెల్లబరిచినందుకు చేతికి రొక్కం వస్తుంది. ఒకే చదువు చదివిన వైద్యుడు ఎటు పోతాడో ఊహించడం కష్టం కాదు. నల్లని చర్మాన్ని తక్కువగా చూసే సమాజం, నల్లని చర్మానికి పుండు అయితే చూసే వైద్యుణ్ణి మాత్రం తయారు చేసుకోలేకపోయింది.

మిగిలింది ఊళ్ళో ఆర్ఎంపీ. ఆయన ఒక సూది వేసి, ఒక ట్యూబు రాశాడు. మూడు రోజుల్లో దురద పోయింది. అమ్మ ఆయనను దేవుడన్నది. నెల తిరిగేసరికి చేతుల చర్మం ఉల్లిపొర మాదిరి పలచబడింది. ట్యూబు ఆపిన వారానికి జబ్బు రెట్టింపై వచ్చింది. ఆ ట్యూబులో ఉన్నది బలమైన స్టెరాయిడ్, దానితో కలిపిన మరో రెండు మందులు. చర్మం మీద పూసే అటువంటి స్టెరాయిడ్లు 14 రకాలను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని కేంద్రం 2018 మార్చిలో ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు మా చౌరస్తాలోని మందుల అంగడి దాకా రాలేదు. దేశమంతటా తామర మొండికేయడానికి ఈ మిశ్రమాలు ఒక ముఖ్య కారణమని చర్మ వైద్యుల సంఘమే ఏళ్ళుగా మొత్తుకుంటున్నది. తెల్లబడతామని ముఖానికి పూసుకునేవారూ, దురద పోతుందని పగుళ్ళకు పూసుకునేవారూ చివరికి ఒకే ట్యూబు కొంటున్నారు. మొదటివారికి చెడితే చూపించుకునే వైద్యుడు ఉన్నాడు.

రెండో కార్డు ఈఎస్ఐ. ఇది దయతో ఇచ్చింది కాదు. అమ్మ జీతం నెలకు 12,000. 2019 జూలై నుంచి అమలులో ఉన్న లెక్క ప్రకారం కార్మికుని వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. అంటే ఆమె జీతంలో నెలకు 90 రూపాయలు కోసుకుంటారు, ఆమె పేరున మరో 390 జమ కావాలి. ఆరోగ్యశ్రీ వలె కాక ఈఎస్ఐలో రోజువారీ చూపు కూడా ఉంటుంది. కానీ చర్మ నిపుణుని దగ్గరికి పోవాలంటే కింది వైద్యుడు రాసి పంపాలి. ఆ కార్డు మీద చూసే ఒక చోటికి వెళ్ళాము. ఎక్కడో చెప్పను. ఒక మనిషి మీద ఫిర్యాదు చేయడం ఈ వ్యాసం పని కాదు. ఆ వైద్యుడు చేతులను బల్లకు అవతలే ఉంచమన్నాడు. దూరం నుంచి చూశాడు. ‘ఇన్ఫెక్షన్. శుభ్రంగా ఉండాలె. చేతులు మంచిగ సబ్బుతోని కడుక్కోవాలె’ అన్నాడు. పెద్ద ఆసుపత్రికి రాయమని అడిగితే ఇది అంత పెద్ద జబ్బు కాదన్నాడు.

రోజుకు ఎనిమిది గంటలు సబ్బునీళ్ళలో, ఆమ్లం కలిపిన నీళ్ళలో చేతులు ముంచే మనిషికి ఆయన చెప్పిన వైద్యం చేతులు సబ్బుతో కడుక్కొమ్మని. ఆయన దుర్మార్గుడని నేను అనుకోను. ఆయనకు ఆ చేతులను చూడగానే ఒక కారణం సిద్ధంగా దొరికింది. ఆ కారణం వైద్యశాస్త్రంలోది కాదు. ఫలానా వాడ మనుషులకు శుభ్రత తెలియదన్న నమ్మకం ఆయన పుట్టకముందు నుంచీ ఉన్నది. ఊరంతటినీ శుభ్రం చేసే కులాలను శుభ్రత లేని కులాలని పిలవడం మన సమాజానికి అలవాటు. అదే కర్మాగారంలో ప్రయోగశాలలో పనిచేసే ఒక ఉద్యోగికి మునివేళ్ళ మీద దద్దుర్లు లేస్తే అందరూ ఎలర్జీ అన్నారట. అమ్మకు లేస్తే గజ్జి అన్నారు. జబ్బు పేరు కూడా మనిషిని చూసి పెడతారు.

ఈ ఆరు నెలల్లో ప్రభుత్వం తనంతట తానుగా ఒక్కసారి అమ్మ చర్మాన్ని వెదుక్కుంటూ మా ఇంటికి వచ్చింది. ఆశా కార్యకర్త కుష్టు సర్వేకు వచ్చి, ఇంట్లో ఎవరికైనా స్పర్శ లేని మచ్చలు ఉన్నాయా అని అడిగింది. అమ్మ చేతులు చూపింది. ఆమె ముట్టి చూసి, స్పర్శ ఉన్నది, ఇది కుష్టు కాదని చెప్పి, గోడ మీద సుద్దతో గుర్తు పెట్టి వెళ్ళిపోయింది. కుష్టు నిర్మూలనలో ఈ దేశం చేసింది చిన్న పని కాదు. పదివేల మందికి ఒకరికంటే తక్కువ రోగులన్న మెట్టుకు చేరామని 2005 డిసెంబరులో ప్రకటించింది. మందు ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా ఉచితం. మచ్చ మీద స్పర్శ పోయినట్లు అనుమానం ఉన్నవారు ఎవరైనా సిగ్గుపడకుండా ఆనాడే వెళ్ళాలి. కానీ ఆ రోజు నాకు ఒక సంగతి తోచింది. మా చర్మం నుంచి ఇతరులకు ఏదైనా అంటుతుందేమోనన్న భయం ఉన్నప్పుడు ప్రభుత్వం గడప దాకా వస్తుంది. అంటదని తేలగానే వెళ్ళిపోతుంది. ఇతరుల వల్ల మా చర్మానికి ఏం అంటిందో కనుక్కునే సర్వే ఏదీ లేదు.

‘అంటు’ అన్న మాట మన భాషలో మోస్తున్న బరువు ఇంతా అంతా కాదు. అంటువ్యాధి అందులోంచి వచ్చింది. అంటరానితనం అందులోంచే వచ్చింది. ఎంగిలి గిన్నెలు అంట్లు. మామిడి కొమ్మను మరో చెట్టుకు కలిపి బతికించేదీ అంటే. ముట్టుకోవడం అనే ఒకే పనిలో జబ్బునూ మైలనూ బతుకునూ చూసిన భాష మనది. అయితే సమాజం ఆ మాటలోంచి మైలను మాత్రమే ఏరుకుని మనుషుల మీద పెట్టింది. అమ్మకు వచ్చింది అంటే జబ్బు కాదు. సోరియాసిస్ అంటదు, బొల్లి అంటదు. అవి అంటవని చెప్పగలిగినవాడు చర్మ వైద్యుడు. మా వంటివారి విషయంలో అతని నోటి మాట మందు కంటే ముందు కావలసిన వైద్యం. అతను దొరకని చోట తీర్పు క్యాంటీన్ చెబుతుంది.

చివరికి ఏ కార్డూ అడగని చోటనే వైద్యం దొరికింది. ఉస్మానియా, గాంధీ వంటి ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో చర్మ విభాగాలున్నాయి. అక్కడ ఓపీ చీటీ రాయించుకుంటే చాలు. తెలియని సంగతేమీ కాదు. కానీ కొత్తూరు నుంచి నగరం నడిబొడ్డుకు దాదాపు 40 కిలోమీటర్లు. ఓపీ ఉదయమే. పొద్దున బయలుదేరి, వరుసలో నిలబడి, మందుల దగ్గర మరో వరుసలో నిలబడి ఇల్లు చేరేసరికి రోజు పోతుంది. బస్సు టికెట్ సున్నా. పోయిన రోజు కూలి సున్నా కాదు, 460 రూపాయలు. మూడు సార్లు తిరిగితే అది ప్రైవేటు వైద్యుని రుసుముకు రెండింతలు దాటుతుంది. ఉచితం అన్న మాటకు పేదవాని లెక్క వేరుగా ఉంటుంది.

అక్కడి యువ వైద్యురాలు అమ్మ రెండు చేతులను తన చేతుల్లోకి తీసుకున్నది. తిప్పి చూసింది. తరువాత, ‘అమ్మా, నువ్వు ఏం పని చేస్తవు?’ అని అడిగింది.

అమ్మ నా వైపు చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది. మా ఊళ్ళో ఆ ప్రశ్న అడిగేది కులం తెలుసుకోవడానికి. అద్దె ఇంటి దగ్గర, పెళ్ళి మాటల దగ్గర, కాలేజీలో మొదటి రోజున, ‘మీ నాయిన ఏం చేస్తడు?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పగానే ముఖాలు ఎట్లా మారతాయో మాకు తెలుసు. అమ్మ తల దించుకుని, ‘ఫ్యాక్టరీల బాత్రూములు కడుగుత మేడం’ అన్నది. ఆ వైద్యురాలి ముఖం మారలేదు. ఏ ద్రావకం వాడతారు, గ్లవుజులు ఇస్తారా, సెలవు రోజుల్లో తగ్గుతుందా అని వరుసగా అడిగింది. ఆరు నెలలుగా అమ్మ చెబుతున్న మాటను మొదటిసారి ఒకరు తమంతట తాము అడిగారు. ఇది పనిలో వాడే రసాయనాల వల్ల వచ్చిన కాంటాక్ట్ డెర్మటైటిస్ అని చీటీ మీద రాసింది. ‘ఇది ఎవ్వరికీ అంటదు’ అని పక్కన ఉన్నవారికి కూడా వినబడేటట్లు చెప్పింది.

ఈ ప్రశ్నకు ఒక చరిత్ర ఉన్నది. ఇటలీలోని మోడెనాలో బెర్నార్దినో రామజ్జినీ అనే వైద్యుడు 1700లో శ్రామికుల వ్యాధుల మీద ఒక గ్రంథం ప్రచురించాడు. తన ఇంటి మలగుంటను ఎత్తిపోస్తున్న పనివాణ్ణి చూసినప్పుడు ఆ గ్రంథం ఆలోచన వచ్చిందని ఆయనే రాసుకున్నాడు. తోళ్ళు ఊనేవారి గురించీ, బట్టలు ఉతికే ఆడవారి గురించీ అందులో ఉన్నది. వైద్యుడు రోగిని అడగాలని హిపోక్రటిస్ కాలం నుంచి వస్తున్న ప్రశ్నలకు ఆయన మరొకటి కలిపాడు: నీ వృత్తి ఏమిటి? జబ్బు మూలం మనిషి పుట్టుకలోనో నడతలోనో కాక అతనితో చేయించే పనిలో ఉండవచ్చునని ఆ ప్రశ్న ఒప్పుకుంటుంది. మా తాత తంగేడు చెక్కతో తోళ్ళు ఊనినవాడు. లందలోని సున్నపు నీళ్ళు ఆయన చేతులను జీవితాంతం తిన్నాయి. ఆ పగుళ్ళను ఊరు జబ్బుగా ఎన్నడూ చూడలేదు. మాదిగవాని చేతులు అట్లాగే ఉంటాయనుకున్నది. ఒకే ప్రశ్నను ఊరు కులం కోసం అడిగింది, రామజ్జినీ కారణం కోసం అడిగాడు.

వైద్యురాలు రాసిన ఆ మాటకు చట్టంలోనూ విలువ ఉన్నది. రసాయనాల వల్ల వచ్చే చర్మవ్యాధిని 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలు ప్రకటించవలసిన వ్యాధుల్లో చేర్చింది. చూసిన వైద్యుడు దాన్ని కర్మాగారాల తనిఖీ అధికారికి తెలియజేయాలి. అదే ఏడాది వచ్చిన ఈఎస్ఐ చట్టం వృత్తిరీత్యా వచ్చే చర్మవ్యాధులను ఉద్యోగంలో తగిలిన గాయంతో సమానం చేసింది. మామూలు జబ్బుతో సెలవు పెడితే వేతనంలో 70 శాతం, అది కూడా ఆరు నెలల కాలంలో 78 రోజుల చందా ఉంటేనే వస్తుంది. వృత్తివ్యాధితో పని చేయలేకపోతే 90 శాతం వస్తుంది. 2020 సామాజిక భద్రత కోడ్ ఈ చట్టాన్ని తనలో కలుపుకున్నది. చట్టం పేరు ఏదైనా, దాన్ని తెరిచే తాళంచెవి వైద్యుడు రాసే ఆ ఒక్క మాట. ‘శుభ్రత లేదు’ అని రాస్తే తప్పు కార్మికురాలిది అవుతుంది. ‘పని వల్ల’ అని రాస్తే బాధ్యత యజమానిది అవుతుంది. దగ్గర్లో చర్మ వైద్యుడు లేకపోవడం వల్ల ఎవరికి లాభమో ఇప్పుడు చెప్పనక్కరలేదు.

ఈఎస్ఐ పుట్టుకను దళిత విద్యార్థులు తప్పక గుర్తు పెట్టుకోవాలి. పారిశ్రామిక కార్మికులకు ఆరోగ్య బీమా ఎట్లా ఉండాలో బి.పి. అదార్కర్ 1944లో నివేదిక ఇచ్చేనాటికి వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ అంబేద్కర్ చేతిలో ఉన్నది. 1948లో అది చట్టమైనప్పుడు కార్మిక మంత్రి బాబూ జగ్జీవన్ రామ్. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో నెహ్రూ దాన్ని ప్రారంభించాడు. అంటరానివారని పిలిపించుకున్న ఇద్దరు నాయకులు కార్మిక శాఖను నడిపిన కాలంలో రూపుదిద్దుకున్న బీమా అది. ఆ కార్డు పట్టుకుని వెళ్ళిన ఒక దళిత స్త్రీని చేతులు బల్లకు అవతల పెట్టమనడం చిన్న సంగతిగా నాకు అనిపించలేదు.

చర్మ వైద్యుడు దొరకకపోవడం అన్ని కులాల పేదలకూ ఉన్న ఇబ్బందే కదా, దీన్ని కులం ప్రశ్న ఎందుకు చేస్తారని కొందరు అడుగుతారు. ఇబ్బంది అందరిదీ అన్నది నిజమే. కానీ చర్మాన్ని తినే పనుల్లోకి మనుషులు సమానంగా రావడం లేదు. తోలు పని, మురుగు పని, చెత్త పని, సిమెంటు పని చేస్తున్నవారి పేర్లు చదివితే కులాల పట్టిక చదివినట్లే ఉంటుంది. జబ్బు వచ్చాక అగ్రకుల పేదవానికి అది జబ్బు మాత్రమే. మాకు అది పాత తీర్పుకు కొత్త సాక్ష్యం. అతనికి తగ్గితే కథ ముగుస్తుంది. మాకు తగ్గిన తరువాత కూడా గ్లాసు వేరుగానే ఉంటుంది. 2024 నవంబరు 6న మొదలైన రాష్ట్ర కుల సర్వేలో ఎన్యూమరేటర్ మా ఇంటికి వచ్చి ఒకే పత్రంలో కులమూ రాసుకున్నాడు, పనీ రాసుకున్నాడు. ఆ రెండూ కలిసి ఒంటి మీద ఏం రాస్తాయో చెప్పే పత్రం ఆసుపత్రిలో ఉండాలి. ఓపీ చీటీలో పేరు, వయసు, ఆడ మగ అన్న గడులున్నాయి. పని అన్న గడి లేదు.

నేను అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. ఓపీ చీటీలో ఆ గడి పెట్టండి. పడక అక్కరలేని చర్మవ్యాధుల చూపునూ మందులనూ ఆరోగ్యశ్రీలోకి తీసుకోండి. అది వెంటనే కాదంటే, ఇప్పుడు జిల్లాకొక ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది గనుక, వాటి చర్మ విభాగాల నుంచి వారానికి ఒక పూట షాద్‌నగర్, శంషాబాద్ వంటి చోట్లకు నిపుణులను పంపండి. కొత్తూరు వంటి కర్మాగారాల ప్రాంతంలో ఈఎస్ఐ కార్మికులకు ఏది పడక ఈ జబ్బు వచ్చిందో తేల్చే ప్యాచ్ పరీక్ష దగ్గర్లోనే దొరకాలి. గ్లవుజులు గుత్తేదారు దయ కాకూడదు, అసలు యజమాని బాధ్యత కావాలి. స్టెరాయిడ్ ట్యూబుల మీద 2018 నాటి ఉత్తర్వు కాగితం దిగి అంగడి దాకా రావాలి. ఇక జబ్బు పేరు చెప్పి గ్లాసు వేరు చేయడం ఆరోగ్య జాగ్రత్త కాదని, రాజ్యాంగం 17వ అధికరణ నిషేధించినదే ముసుగు వేసుకుని వచ్చిందని కార్మిక సంఘాలు, విద్యార్థి సంఘాలు గట్టిగా చెప్పాలి.

అమ్మ చేతులు ఇప్పుడు చాలావరకు మానాయి. లోపల నూలు గ్లవుజు, పైన రబ్బరు గ్లవుజు వేసుకుంటున్నది. రెండూ మేమే కొన్నాము. వృత్తివ్యాధి కింద పెట్టిన దరఖాస్తు నడుమ గుత్తేదారు మారాడు. పాత గుత్తేదారు కట్టవలసిన చందాలో కొన్ని నెలలు కనబడడం లేదు. అసలు యజమానిని అడగమని ఒకరు, పాత గుత్తేదారును అడగమని మరొకరు అంటున్నారు. కాగితాలు తిరుగుతున్నాయి, మేమూ తిరుగుతున్నాము.

వైద్యురాలు రాసిన చీటీ నకలును అమ్మ క్యాంటీన్‌లో చూపించింది. చదివినవారు తల ఊపారట. గ్లాసు గురించి ఎవరూ ఏమీ అనలేదు. తెచ్చుకోవద్దని కూడా అనలేదు. ఆ స్టీలు గ్లాసు ఈనాటికీ ఆమె సంచిలో, రెండు కార్డుల పక్కనే ఉన్నది.